డప్పు లేని పులి

ఆ సినిమా బాగాలేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బాగుందంటే ఇంకా మండుతుంది. ఎందుకంటే బాగుందన్నవాళ్లెవరూ మనసారా అనలేదు, మా బాపో నేనో ఎదురుగా ఉంటే మొహమాటానికి అన్నారు. దాని పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు గుర్తుండదు. కామారెడ్డిలో వారం తిరక్కుండానే ఎత్తేశారు. కొన్ని నెలలకు ఎల్లారెడ్డికి టూరింగ్ టాకీసులో వచ్చి నాలుగు రోజులాడి పోయింది. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అడవిలో ఒక సాధువును కాలితో తన్నిన పట్నం కుర్రాడు అమావాస్య వచ్చినప్పుడల్లా పులిగా మారి మనుషులను చంపుతుంటాడు. కుర్రాడిగా ఉన్నంతసేపు ఎవరో హీరో. పులిగా మారిన తర్వాత మా బాపు.

బాపు కామారెడ్డి గంజులో, అంటే ధాన్యం మార్కెట్లో, హమాలీ. బెల్లం, వడ్లు, మక్కల బస్తాలు లారీలకు ఎత్తేవాడు. మా ఇల్లు ఎల్లారెడ్డిలో. నేను కామారెడ్డిలో డిగ్రీలో చేరాక ఇద్దరం పొద్దున ఒకే బస్సెక్కేవాళ్లం. ఒక్క సీటు దొరికితే, "నువ్వు కూసో బిడ్డ, నేను పొద్దంత నిలవడేటోన్నే గదా" అని నన్ను కూర్చోబెట్టి తను పైన రాడ్డు పట్టుకుని నిలబడేవాడు. మెడ వెనక బస్తా ఆనే చోట కాయ కాసి, నిమ్మకాయంత గడ్డ లేచి ఉండేది. చిన్నప్పుడు దాన్ని వేలితో నొక్కి నొప్పా అని అడిగేదాన్ని. లేదనేవాడు. ఆ గడ్డ గురించి కూడా తర్వాత జనం నోరు పారేసుకున్నారు కాబట్టి చెబుతున్నాను.

పీర్ల పండుగకు బాపు పులి వేషం వేసేవాడు. మా ఇంట్లో ఎల్లమ్మకు బోనం చేస్తాం, పీర్లకూ మొక్కుతాం. మా వాడలో అందరూ అంతే. బాపు పులి సరదాకు వేసింది కాదు. అది నా మీద మొక్కు. నాకు రెండేళ్లప్పుడు జడుపు పట్టిందట. జడుపంటే పసిపిల్లలు దేన్నో చూసి భయపడటం, ఆ భయం లోపలే కూర్చుండిపోవడం. నిద్రలో ఉలిక్కిపడతారు, పాలు ముట్టరు, చిక్కి సగమవుతారు. దవాఖాన మందుతో తగ్గలేదు. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను పీర్లను నిలిపే పీర్ల కొట్టానికి ఎత్తుకుపోయి, పిల్ల బతికితే తండ్రి ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు పులి వేస్తాడని మొక్కింది. "మొక్కింది నువ్వు, దుంకేది నేను" అని బాపు ప్రతి ఏడూ దెప్పేవాడు. దెప్పుతూనే ఎంతో ఇష్టంగా ఒంటికి రంగు పూయించుకునేవాడు.

పసుపుపచ్చ రంగు మీద నల్ల చారలు, నడుముకు గుడ్డ చుట్టి కట్టిన తోక, మొహానికి కూడా రంగే. మాస్కు లేదు. వెనక డప్పు. ఆ డప్పు కొట్టే ఆయన బాపుకంటే పెద్దవాడు, మేమంతా పెద్దయ్య అనేవాళ్లం. పెద్దయ్య దెబ్బకు బాపు కాళ్లు చేతులు నేల మీద ఆడేవి, భుజాలు ఒకదాని తర్వాత ఒకటి లేచేవి. చౌరస్తా దగ్గర తల్లులు రోడ్డు మీద బట్ట పరిచి జడుపు పట్టిన పిల్లలను పడుకోబెట్టేవాళ్లు. పులి ఒక్కొక్కరి మీదుగా దాటి, మొహం దగ్గర మొహం పెట్టి గాండ్రించేది. పిల్ల గుక్కపెట్టి ఏడవాలి. ఏడిస్తే లోపలి భయం బయటపడ్డట్టు. ఏడవకపోతే తల్లి మొహం వాడిపోయేది, బాపు మళ్లీ దాటేవాడు. బాపు మొదట దాటింది నన్నేనట. ఆయన దాటితే ఏడవని పిల్లను నేను చూడలేదు. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని ఆ తల్లి నవ్వుతూ పోయేది, బాపు రంగు మొహంలో పళ్లు మెరిసేవి.

అలాంటి ఒక పండుగనాడు సినిమావాళ్ల జీపు మా చౌరస్తాలో ఆగింది. పోచారం చెరువు దగ్గర అడవిలో షూటింగుకు జాగా చూసుకోవడానికి హైదరాబాదు నుంచి వచ్చారు. బాపు ఒక పిల్లను దాటడం డైరెక్టరు జీపులో కూర్చునే చూశాడు. మరునాడు గంజులో బాపును వెతుక్కుంటూ వచ్చాడు. "పట్నంలో తిరిగినా ఇలాంటి పులి దొరకదయ్యా. పెద్ద తెర మీద నిన్ను చూసి జనం జడుసుకోవాలి" అన్నాడట. జనం జడుసుకోవాలి అన్న ఆ ఒక్క మాటకే బాపు పడిపోయాడు. డబ్బు మాట ఆ తర్వాతే వచ్చింది, వచ్చిందీ పెద్దగా ఏం లేదు.

అవ్వకు ఇష్టం లేదు. "పండుగ గాని దినం రంగెట్ల పూస్తవయ్యా? గది మొక్కు పులి. ఆట పులి గాదు" అంది. బాపు పీర్ల కొట్టం చూసుకునే ముసలాయన దగ్గరికి పోయి అడిగాడు. "నియ్యత్ మంచిగుంటే, మనసుల పాపం లేకుంటే, ఏం గాదు పో" అన్నాడాయన. ఇంకేం, బాపు ఇంటికి వచ్చి అవ్వతో ఆ మాటే పదిసార్లు చెప్పాడు. చివరికి అవ్వ విసుగెత్తి, "పో, సినిమాల పో, నాకేం" అని లోపలికి పోయింది.

ఆదివారం నాడు నేను అన్నం గిన్నె పట్టుకుని షూటింగుకు పోయాను. చెరువు నిండా నీళ్లు, ఒడ్డు పొదల మధ్య కెమెరా, చుట్టూ కుర్చీలు. బాపును పొద్దున్నుంచి రంగు పూసి ఎండలో నిలబెట్టారు. డైరెక్టరు, "ఆ పొదలోంచి పులిలా నడుచుకుంటూ రా" అన్నాడు. బాపు వంగాడు, రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. మళ్లీ చెప్పారు. మళ్లీ ఆగిపోయాడు. "కాళ్లొస్తలేవు సారూ. డప్పు లేకుంటే ఎట్ల నడవాలె?" అన్నాడు. కుర్చీల్లో వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే తర్వాత విన్న నవ్వులన్నిటికీ అదే మొదటిది.

జీపు పంపి ఎల్లారెడ్డి నుంచి పెద్దయ్యను తీసుకొచ్చారు. పెద్దయ్య కెమెరా పక్కన నిలబడి, డప్పును మంట మీద కాచి, వేలితో ఒకసారి తట్టి చూసి మొదలుపెట్టాడు. అంతే, బాపు పులి అయిపోయాడు. కుర్చీల్లో నవ్వు ఆగిపోయింది. మేకప్పు చేసే ఆమె చేతిలో అద్దం పట్టుకుని వెనక్కి జరిగింది. డప్పు కెమెరా పక్కనే మోగుతోంది కదా, అది కూడా సినిమాలో పడుతోందనే బాపు అనుకున్నాడు. పెద్దయ్య అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. బొమ్మ ఒకటి, చప్పుడు ఒకటి అని, ఒకటి ఉంచుకుని ఒకటి పారేస్తారని మాకెవరు చెప్పారు? పెద్దయ్య అయితే, "రేపు మన డప్పు మదరాసుల మోగుతది" అని గడ్డం నిమురుకున్నాడు.

తర్వాత ఉయ్యాల సీను. చెరువు గట్టున పాతదానిలా కనిపించే గుడిసె వేసి, అందులో ఉయ్యాల కట్టి, గుడ్డబొమ్మను పసిపిల్లలా చుట్టిపెట్టారు. "పిల్ల దగ్గరికి పో" అని మాత్రమే చెప్పాడు డైరెక్టరు. ఉయ్యాల తాడు పొడుగై బొమ్మ నేలకు ఆనుకునే ఉంది. డప్పు మోగుతోంది. పిల్ల దగ్గరికి పోయిన పులి ఏం చేస్తుందో బాపుకు ఒక్కటే తెలుసు. బొమ్మ మీదుగా దాటాడు, మొహం దగ్గర మొహం పెట్టి గాండ్రించాడు. "శభాష్! ఇదే, ఇదే ఉంచుదాం!" అని డైరెక్టరు కేకేశాడు. బాపు నా వైపు చూసి పళ్లు మెరిపించాడు. ఆ సీనును ఏం చేయబోతున్నారో అడగాలని మా ఎవరికీ తోచలేదు.

సినిమా కామారెడ్డికి వచ్చిన రోజు గంజులో హమాలీలు పొద్దటి పని మానేసి పొద్దటి ఆటకు పోయారు. పోస్టరు మీద హీరో మొహం సగం, పులి మొహం సగం. ఆ పులి మొహం బాపుది కాదు, ఎవరో గీసిన బొమ్మ. అయినా బాపు దాని ముందు నిలబడి, "గీ సగం నేనే" అని అందరికీ చూపించాడు. బాపు, పెద్దయ్య కింద హమాలీలతో కూర్చున్నారు. నేను ఆడవాళ్ల క్లాసులో కూర్చున్నాను. నా వెనక వరసలో ముగ్గురు ఆడవాళ్లు పల్లికాయలు ఒలుచుకుంటున్నారు. అడ్డగోడకు అవతల, ముందు రెండు వరసల నిండా మా కాలేజీ పోరగాండ్లు.

మారే సీను వచ్చింది. హీరో నేల మీద పడి దొర్లాడు. చేతి మీద వెంట్రుకలు, గోళ్లు, పళ్లు ఒక్కొక్కటే చూపించారు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు బాపు వస్తాడని నేను ముందుకు జరిగి కూర్చున్నాను. పొద కదిలింది. బాపు బయటికొచ్చాడు, భుజాలు ఒకదాని తర్వాత ఒకటి లేపుతూ. డప్పు లేదు. డప్పు బదులు హార్మోనియం తొక్కినట్టు కీచుమని ఏదో పెట్టారు. ఆ కీచుకూ బాపు అడుగుకూ సంబంధమే లేదు. అడుగు పడే చోట చప్పుడు లేదు, చప్పుడు వచ్చే చోట అడుగు లేదు. పులి ఉత్తపుణ్యానికి నడుము ఊపుకుంటూ వస్తోంది.

మొదట ఒక పోరడు, "ఏందిర గిది, పులా, బరాత్‌ల డాన్సరా?" అన్నాడు. అంతే, హాలంతా ఒక్కసారి పగిలింది. "బ్యాండోడు రాలేద్రో, పులి పరేశాన్ల ఉంది!" "అరె, హీరోకు పొట్టెప్పుడు వచ్చిందిరా?" "పొట్ట ఇడిసిపెట్టు, మెడ మీద గా గడ్డ ఏందిరా, పులికి కంతి లేసిందా?" నా వెనక ఆడవాళ్లలో ఒకామె పల్లికాయ నోట్లో వేసుకుని, "పాపం, గీ పులికి పెండ్లి కుదిరినట్టుంది" అంది. మిగతా ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయారు. వాళ్ల నోట్లో మన్ను పడ. నేను వెనక్కి తిరిగి, "నవ్వుడెందుకు, చూస్తే చూడున్రి, లేకుంటే పోన్రి" అన్నాను. "నీకేమైతదమ్మా గా పులి, చుట్టమా?" అంది ఆ పెండ్లి మాటన్నామె. "మా బాపు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయ్యో, మంచిగనే చేసిండమ్మా" అంది. అదీ ఆ సినిమా గురించి నేను విన్న మొదటి మెచ్చుకోలు.

అప్పుడు నేనొకటి చేశాను. చెవులు మూసుకుని, మనసులో పెద్దయ్య డప్పు కొట్టుకుంటూ చూశాను. అలా చూస్తే ఒక్క అడుగు తప్పలేదు. అలా చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. కానీ హాల్లో అంతమందికి నా చెవులను ఎక్కడి నుంచి తెచ్చి పెట్టను? ఉయ్యాల సీను వచ్చింది. పులి పిల్ల మీదుగా దాటింది, గాండ్రించింది. మరుక్షణం తెర మీద రక్తం చూపించారు, తల్లి గుండెలు బాదుకుంది, పిల్ల చచ్చిపోయింది. ఆ సీనులో మాత్రం ఎవరూ నవ్వలేదు. గుడ్డబొమ్మ కాలు బయటికి వేలాడటం చూసి ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు.

ఆట విడిచాక హమాలీలు బాపు చుట్టూ నిలబడ్డారు. పొద్దున పోస్టరు ముందు ఈలలు వేసినవాళ్లే. ఒకతను బాపు భుజం తట్టి, "గడ్డ మాత్రం మన గంజుదే అన్న, దాచలేకపోయిన్రు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయినా బాపు చెయ్యి మెడ వెనక్కి పోయింది. బస్టాండుకు నడుస్తుంటే పెద్దయ్య సగం దారిలో ఆగి, "నువ్వు తప్పెయ్యలేదు తమ్మి. నన్ను తీసేసిన్రు" అన్నాడు. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా బాపు ఎల్లారెడ్డి దాకా రాడ్డు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఇక ఆ తర్వాత అభిప్రాయాలకు కరువు లేదు. సేటు బస్తాల లెక్క చూస్తూ, "పులీ, గా మూల బస్తా ఎత్తు" అనేవాడు. హోటల్లో చాయ్ పోసేవాడు, "ముందట డాన్సు, అటెన్క చాయ్" అనేవాడు. మా కాలేజీలో ఒక లెక్చరరు హాజరు తీసుకుంటూ నా దగ్గర ఆగి, "మృగం వేషం వేసిన మనిషిలో మృగ స్వభావం కనిపించాలి. మీ నాన్నగారిలో అది లోపించింది" అని పాఠం చెప్పినట్టు చెప్పాడు. చదువుకున్నవాడు కదా, నవ్వకుండా అన్నాడు. క్లాసు ఆ లోటు తీర్చింది. ఏం పొగరు వీళ్లకు! టికెట్టుతో పాటు మనిషిని కూడా కొనుక్కున్నట్టు మాట్లాడతారు. హీరోను ఒక్కడూ ఏమీ అనలేదు. కీచు సంగీతం పెట్టినవాణ్ణి అనలేదు. డైరెక్టరు పేరు ఒక్కడికీ తెలియదు. అందరికీ దొరికింది రోజూ కళ్లెదుట బస్తాలు మోసే మనిషి ఒక్కడే.

బాపు మాత్రం ఎవరినీ తిట్టలేదు. "మన ఎల్లారెడ్డోళ్లు చూడాలె. వాళ్లకు తెలుసు" అన్నాడు. టూరింగ్ టాకీసు వచ్చేదాకా ఆ మాట పట్టుకుని ఉన్నాడు.

ఎల్లారెడ్డిలో మొదటి ఆటకు అవ్వ కూడా వచ్చింది. చౌరస్తాలో పిల్లలను పడుకోబెట్టే తల్లులు చాలామంది వచ్చారు. అక్కడ నవ్వు కామారెడ్డిలో అంత లేదు, నిజమే. డప్పు ఉండాల్సిన చోటు వాళ్లకు తెలుసు. ఒక ముసలామె, "పెద్దయ్య ఏడి?" అని తెరనే అడిగింది. కానీ ఉయ్యాల సీను వచ్చేసరికి డేరా మొత్తం చల్లబడింది. నా పక్కన కూర్చున్న అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. నన్ను దాటిన దాటుడే అది. ఆమె మొక్కిన మొక్కే అది. బయటికి వస్తుంటే ఒక తల్లి చంకలో పిల్లను అటు చంకలోకి మార్చుకుంటూ, "గట్ల దాటితే పిల్ల సచ్చిందట సిన్మల" అంది. ఇంకొకామె, "ఛీ ఊకో, గది సిన్మా" అంది. అంది గానీ, తను కూడా బాపు నిలబడ్డ వైపు నుంచి కాకుండా అటు పక్క నుంచి పోయింది.

ఇంటికి వచ్చాక అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఒక్కటే మాట అంది. "నేను చెప్పిన. గది ఆట పులి గాదని."

"పండుగ రాని" అన్నాడు బాపు. "పిల్లలను నా ముందల పండవెడుతరా లేదా, అప్పుడు చూద్దువు."

ఆ ఏడు పీర్ల పండుగకు బాపు ఎన్నడూ లేనంత శ్రద్ధగా రంగు పూయించుకున్నాడు. చారలు వంకర పోతే తుడిపించి మళ్లీ వేయించాడు. పెద్దయ్య డప్పుకు కొత్త తోలు వేశాడు. మధ్యాహ్నం ఎండలో పీర్ల కొట్టం నుంచి పులి బయలుదేరింది. ఆ రోజు బాపు ఆడినట్టు ముందెన్నడూ ఆడలేదు. కానీ సినిమా చూసిన పోరగాండ్లు వెంట పడ్డారు. "డప్పు బంద్ చెయ్యిన్రి, పులి ఉత్తగనే ఎగురుతది!" "ఒక్క స్టెప్పు, సినిమా స్టెప్పు!" పెద్దయ్య చేతులు బొబ్బలెక్కేలా కొట్టాడు. ఎంత గట్టిగా కొట్టినా వాళ్ల కేకలు పైకే వినిపించాయి.

చౌరస్తా వచ్చింది. తల్లులు గోడ వెంబడి నిలబడి ఉన్నారు. ప్రతి చంకలోనూ పిల్ల ఉంది. రోడ్డు మీద ఒక్క బట్ట పరిచి లేదు. బాపు చేతులు నేలకు ఆనించి ఆగాడు. పెద్దయ్య దెబ్బ తగ్గించి, పిల్లలను తీసుకరాన్రి అన్నట్టు చిన్నగా వాయిస్తూ ఉండిపోయాడు. ఎవరూ కదల్లేదు. ఒకామె పిల్ల మొహాన్ని తన భుజానికి తిప్పుకుంది. ఎండకు రంగు కరిగి బాపు గడ్డం నుంచి పచ్చగా చుక్కలు పడుతున్నాయి. ఏళ్ల తరబడి ఈ మనిషి దాటితేనే వాళ్ల పిల్లలు పాలు తాగారు, కంటినిండా నిద్రపోయారు. ఒక్క గుడ్డబొమ్మ చచ్చేసరికి అదంతా మరిచిపోయారు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పండుకో" అంది.

నేను లంగా ఓణీలో ఉన్నాను, డిగ్రీ చదివే పిల్లను. చుట్టూ మా ఊరంతా ఉంది, వెంట పడ్డ పోరగాండ్లలో నాతో బస్సులో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అవ్వ తన భుజం మీద వేసుకున్న బాపు తువ్వాల తీసి రోడ్డు మీద పరిచింది. నేను వెల్లకిలా పడుకున్నాను. రాళ్లు వీపుకు గుచ్చుకున్నాయి. పైన తెల్లటి ఎండ. "అరె, హీరోయిన్ వచ్చింది!" అని ఎవడో అరిచాడు, మిగతావాళ్లు నవ్వారు. నేను కళ్లు మూసుకోలేదు. దాటు బాపు, దాటు అనుకుంటున్నాను.

బాపు రంగు మొహం నా మీదికి వచ్చింది. గాండ్రిస్తాడనుకున్నాను. ఆ కళ్ల చుట్టూ రంగు లేదు, అంతా కొట్టుకుపోయింది. చౌరస్తా నుంచి మళ్లీ కొట్టం చేరేదాకా పులి రెండు కాళ్ల మీద లేవకూడదు, అది కట్టుబాటు. బాపు అక్కడే, రోడ్డు నడుమ, రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డాడు. "లే బిడ్డ, బట్టలు ఖరాబైతయ్" అని చెయ్యి అందించాడు. నన్ను లేపి, తువ్వాల దులిపి అవ్వ చేతికిచ్చి, ఇంటివైపు నడిచాడు. డప్పు ఆగిపోయింది. ఆ తర్వాత బాపు ఎప్పుడూ పులి వేయలేదు. పెద్దయ్య రెండేళ్లకు పోయాడు. మొక్కు తప్పిందని అవ్వ ఏడ్చినప్పుడల్లా, "ఒంట్ల సత్తువ ఉన్నన్నాళ్లనే గదా మొక్కినవు. సత్తువ అయిపోయింది" అనేవాడు. మరునాడు గంజుకు పోయి బస్తాలు మాత్రం ఎత్తేవాడు.

నాకు పెళ్లయి కామారెడ్డిలోనే కాపురం పెట్టాను. ఇంట్లో టీవీ వచ్చింది. నా కొడుకుకు మూడేళ్లున్నప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం అవ్వా బాపూ మా ఇంట్లోనే ఉండగా, ఆ సినిమా టీవీలో వేశారు. అప్పటికి బాపు గంజు మానేశాడు. ఇన్నేళ్ల దుమ్ముకు ఛాతీ పాడై నాలుగడుగులకే దగ్గొచ్చేది. నేను లేచి టీవీ బంద్ చేయబోయాను. "ఉండనీ, చూడనీ" అన్నాడు. పొద కదిలింది, పులి వచ్చింది, కీచుమని సంగీతం. నా కొడుకు ఒక్క కేక పెట్టి, పరుగెత్తి వచ్చి తాత చంకలో తల దూర్చాడు. ఒళ్లంతా వణుకుతున్నాడు. బాపు వాణ్ణి పట్టుకుని నా వైపు చూశాడు. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్లయిందో. "జడుసుకున్నడు బిడ్డా! చూసినవా, జడుసుకున్నడు!" అన్నాడు. ఆ సినిమాకు పులిని చూసి భయపడ్డ ప్రేక్షకుడు అన్నేళ్లకు ఒక్కడు దొరికాడు.

కానీ వాడి వణుకు తగ్గలేదు. సాయంత్రం దాకా గోడ మీద నీడ కదిలినా ఉలిక్కిపడ్డాడు. పాలు ముట్టలేదు. అవ్వ వాడి చెయ్యి పట్టి చూసి, "జడుపు. దాటాలె" అంది.

"రంగు లేదు, డప్పు లేదు" అన్నాడు బాపు.

అవ్వ వంటింట్లోకి పోయి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. పెద్దయ్య దెబ్బే. ఒక్కటి తప్పలేదు. ఎన్నాళ్ల నుంచి లోపల దాచుకుందో. నేను చాప మీద వాణ్ణి పడుకోబెట్టి పట్టుకున్నాను. బాపు లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల మీద వంగి, చేతులు నేలకు ఆనించాడు. భుజం లేచింది. ఇంకో భుజం లేచింది. ఒక్క క్షణం నాకు పాత పులి కనిపించింది. వాడి మీదుగా దాటబోతే మోకాలు తట్టుకుని తడబడ్డాడు, అయినా దాటాడు. మొహం దగ్గర మొహం పెట్టి గాండ్రించబోయాడు. గొంతులోంచి దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు వచ్చాయి, తుంపరలు వాడి మొహం మీద పడ్డాయి.

వాడు తాత మొహం చూసి పకపకా నవ్వాడు. మళ్లీ చెయ్యమని చేతులు చాచాడు.

బాపు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. అవ్వ చేతిలో గరిటె ఆగింది. "జడుపు పోయింది బాపూ, చూడు, నవ్వుతున్నడు" అన్నాను.

"ఏడ్వాలె బిడ్డ. వీడు గూడ నవ్విండు" అన్నాడు.

అవ్వ ఆ పళ్లెం కడిగి, అందులోనే వాడికి పెరుగన్నం కలిపి పెట్టింది. వాడు తాతను చూసి నవ్వుకుంటూ మొత్తం తిన్నాడు. బాపు ఆ పూట అన్నం ముట్టలేదు.